డిస్కులు మార్చినా బ్రేక్ వణుకు ఎందుకు తిరిగొస్తుంది?

కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటుంది. బ్రేక్ పెడల్ మీద కాలు ఆనించగానే స్టీరింగ్ చేతుల్లో అదరడం మొదలవుతుంది. వేగం 60కి దిగేసరికి ఆ అదురు దాదాపు పోతుంది. గ్యారేజీలో చూపిస్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: "డిస్క్ బెండ్ అయింది, మార్చేయాలి." కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేస్తారు. బండి మెత్తగా ఆగుతుంది, యజమానికి టెన్షన్ తీరుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అదే వేగం దగ్గర అదే వణుకు మళ్లీ మొదలవుతుంది. ఈసారి నింద కొత్త డిస్కుల నాణ్యత మీదో, డ్రైవింగ్ మీదో పడుతుంది.

డిస్క్ పాడైన మాట నిజమే. కానీ దాన్ని పాడుచేసిన కారణం వేరేచోట ఉంటుంది. హబ్ (చక్రం, డిస్క్ బిగించే మధ్యభాగం) మీద పేరుకున్న తుప్పు, సరిగా కదలని కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం), ఎక్కువతక్కువగా బిగించిన వీల్ నట్లు. ఇవి అలాగే ఉండగా డిస్క్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడా పాతదాని దారిలోనే పోతుంది. కొలతలు తీయకుండా డిస్క్ మార్చడం వల్ల సమస్య కొన్నాళ్లు వాయిదా పడుతుంది, అంతే.

వణుకు ఎలా పుడుతుంది

చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ను రెండు వైపుల నుంచీ ప్యాడ్లు నొక్కుతాయి. ఆ ప్యాడ్లను తోసే పిస్టన్ కాలిపర్‌లో ఉంటుంది, పిస్టన్ వెనుక బ్రేక్ ఆయిల్ ఒత్తిడి ఉంటుంది. డిస్క్ మందం చుట్టూ ఒకేలా ఉన్నంతకాలం పట్టు కూడా ఒకేలా ఉంటుంది. ఒకచోట మందం తగ్గితే, ఆ భాగం ప్యాడ్ల మధ్యకు వచ్చిన ప్రతిసారీ పట్టు సడలుతుంది, దాటగానే మళ్లీ బిగుస్తుంది. ఈ హెచ్చుతగ్గులు సస్పెన్షన్ మీదుగా స్టీరింగ్‌కు, ఆయిల్ మీదుగా పెడల్‌కు చేరతాయి.

ఇందుకు పెద్ద తేడా అవసరం లేదు. 0.02 మిల్లీమీటర్ల తేడా ఉన్నా చాలా కార్లలో వణుకు తెలుస్తుంది. అది తల వెంట్రుక మందంలో సుమారు మూడోవంతు. కంటికి కనిపించదు, వేలితో తడిమినా తెలియదు. అందుకే డిస్క్‌ను ఊరికే చూసి "బాగానే ఉంది" అనడానికి గానీ, "పోయింది" అనడానికి గానీ ఆధారం ఉండదు.

వణుకు ఒక వేగం దగ్గరే ఎక్కువగా ఉండటానికీ లెక్క ఉంది. మామూలు కారు టైరు ఒక్కసారి తిరిగితే బండి దాదాపు 1.9 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 13 సార్లు తిరుగుతున్నట్టు. ప్రతి సస్పెన్షన్‌కూ, స్టీరింగ్‌కూ సహజంగా ఊగే ఒక లయ ఉంటుంది. చాలా కార్లలో అది ఈ చుట్టుపక్కలే ఉంటుంది. డిస్క్ కొట్టే దెబ్బల లెక్క ఆ లయతో కలిసినప్పుడు చిన్న అదురు పెద్ద వణుకవుతుంది. వేగం తగ్గి లయ తప్పగానే వణుకు మాయమవుతుంది. డిస్క్‌లో లోపం మాత్రం అప్పటికీ అలాగే ఉంటుంది.

నిజంగా వంగుతుందా

ఒక్కసారి గట్టిగా బ్రేక్ కొడితే డిస్క్ వేడెక్కి వంగిపోతుందన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. లెక్క వేసి చూస్తే అది నిలబడదు. 1,500 కిలోల కారును గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే దాదాపు 580 కిలోజౌల్స్ శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు చక్రాలే తీసుకుంటాయనుకున్నా ఒక్కో డిస్క్‌కు వచ్చేది 200 కిలోజౌల్స్. ఏడెనిమిది కిలోల ఇనుప డిస్క్‌ను ఆ వేడి పెంచేది 50, 60 డిగ్రీలు మాత్రమే. పోత ఇనుముకు అది లెక్కలోది కాదు. ఏటవాలు కొండదారిలో బ్రేకు మీదే కాలు పెట్టి మైళ్ల కొద్దీ దిగినప్పుడో, కాలిపర్ పట్టేసి ప్యాడ్ నిరంతరం రాసుకుంటున్నప్పుడో మాత్రమే వేడి కొన్ని వందల డిగ్రీలకు చేరుతుంది.

ఆ స్థాయి వేడిలో కూడా మొదట జరిగేది వంగడం కాదు. ప్యాడ్‌లోని పదార్థం మెత్తబడి డిస్క్‌కు అక్కడక్కడ మచ్చలుగా అంటుకుంటుంది. బ్రేకులు బాగా కాగి ఉన్నప్పుడు బండి ఆపి పెడల్‌ను అలాగే తొక్కిపట్టి ఉంచితే, ప్యాడ్ ఆకారంలోనే ఒక మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఉన్నచోట మందం, పట్టు రెండూ వేరుగా ఉంటాయి. అక్కడే వేడి ఇంకా ఎక్కువ పుడుతుంది. ఉష్ణోగ్రత 700 డిగ్రీల చుట్టుపక్కలకు చేరితే ఆ భాగంలో ఇనుము నిర్మాణమే మారి సిమెంటైట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది. గట్టిబడిన చోటు తక్కువగా, చుట్టూ ఉన్నది ఎక్కువగా అరుగుతాయి. నీలం, నలుపు మచ్చలుగా కనిపించేవి చాలావరకు ఇవే. లేత్ మీద పైపొర తీసినా ఈ గట్టిదనం లోపల మిగిలిపోతే వణుకు తిరిగి వస్తుంది. మచ్చలు లోతుగా ఉన్న డిస్క్‌ను ఇలా పైపొర కోయించడం, అంటే స్కిమ్మింగ్ చేయించడం దండగ, మార్చడమే సరి.

అసలు దోషి హబ్

వేడి ప్రమేయమే లేకుండా నింపాదిగా నడిచే కార్లలో కూడా వణుకు వస్తుంది. అక్కడే ఈ విషయం ఆసక్తికరంగా మారుతుంది.

డిస్క్ హబ్ ముఖానికి పూర్తిగా ఆనుకుని కూర్చోవాలి. మధ్యలో చిన్న తుప్పు పెచ్చు ఇరుక్కున్నా డిస్క్ ఓ పక్కకు ఒరుగుతుంది. హబ్ ముఖం వ్యాసం 140 మిల్లీమీటర్లు, డిస్క్ వ్యాసం 280 మిల్లీమీటర్లు అనుకుంటే, హబ్ అంచున ఉన్న 0.05 మిల్లీమీటర్ల తుప్పు డిస్క్ అంచు దగ్గరకొచ్చేసరికి 0.10 మిల్లీమీటర్ల ఊగిసలాట అవుతుంది. దీన్నే రన్ఔట్ అంటారు. చాలామంది తయారీదారులు బండి మీద బిగించాక అనుమతించే హద్దు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే, డిస్క్ ఊగినంత మాత్రాన ఆ రోజే వణుకు రాదు. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండే కాలిపర్లు స్లైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి, మందం సమానంగా ఉన్న డిస్క్ కొంచెం ఊగినా దానితో పాటే కదిలిపోతాయి. టెస్ట్ డ్రైవ్‌లో అంతా బాగుంటుంది. నష్టం జరిగేది బ్రేక్ వేయనప్పుడు. ఊగుతున్న డిస్క్ బయటి ముఖంలో ఎత్తుగా ఉన్న చోటు ప్రతి చుట్టులో బయటి ప్యాడ్‌ను తాకుతుంది. అరచుట్టు తిరిగాక లోపలి ముఖంలో ఎత్తయిన చోటు లోపలి ప్యాడ్‌ను తాకుతుంది. ఇలా కిలోమీటరుకు 500 సార్లకు పైగా రాసుకుంటూ, వేల కిలోమీటర్లలో ఎదురెదురుగా రెండు చోట్ల డిస్క్ పలచబడుతుంది. తేడా 0.02 మిల్లీమీటర్లకు చేరిన రోజు స్టీరింగ్ అదరడం మొదలవుతుంది. డిస్కులు బిగించిన రోజు జరిగిన లోపం నెలల తర్వాత బయటపడుతుంది కాబట్టే ఆ రెంటికీ ఉన్న లంకె ఎవరికీ తట్టదు.

వీల్ నట్లది కూడా ఇదే కథ. ఇంపాక్ట్ గన్‌తో ఒకదాన్ని విపరీతంగా, ఇంకోదాన్ని వదులుగా బిగిస్తే డిస్క్ మధ్యభాగం మీద ఒత్తిడి సమానంగా పడక డిస్క్ ఒరుగుతుంది. పంక్చర్ వేయించాకో, టైర్లు మార్పించాకో కొన్నాళ్లకు బ్రేక్ వణుకు మొదలైతే ముందుగా అనుమానించాల్సింది ఇదే. మామూలు కార్లలో నట్ల బిగింపు సాధారణంగా 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్లను రెండు విడతలుగా బిగించడానికి పట్టే సమయం ఐదు నిమిషాలు. ఇంత చిన్న పనిని వదిలేసి డిస్కులకు డబ్బు పోయడం చూస్తే బాధనిపిస్తుంది.

ముందు నుంచా, వెనుక నుంచా

మొదటి ప్రశ్న: బ్రేక్ వేయకపోయినా అదురుతోందా? అలా అయితే వెతకాల్సింది టైర్లలో. బ్యాలెన్సింగ్, వంగిన రిమ్, లోపల పొర విడిపోయి ఉబ్బిన టైరు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే అదిరితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లను చూడాలి. ఈమధ్యే చక్రం విప్పి ఉంటే, ఏ పరీక్ష కంటే ముందు నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడటం తప్పనిసరి. వదులైన నట్లతో బండి నడపడం ప్రాణాపాయం.

బ్రేక్ వేసినప్పుడే వణుకు వస్తే, అది ఎక్కడ తెలుస్తోందో గమనించాలి. స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటే లోపం ముందు చక్రాల్లో ఉండే అవకాశం ఎక్కువ. సీటు, ఫ్లోర్ అదురుతూ స్టీరింగ్ నిలకడగా ఉంటే వెనుక వైపు చూడాలి. కేబుల్‌తో పనిచేసే హ్యాండ్ బ్రేక్ ఉంటే చిన్న పరీక్షతో ఇది తేలుతుంది. ఎవరూ లేని తిన్నని రోడ్డు మీద, గంటకు 40 కిలోమీటర్ల లోపు వేగంలో, లివర్ బటన్ నొక్కి ఉంచి మెల్లగా పైకి లాగాలి. వణికితే వెనుక బ్రేకులదే తప్పు. హ్యాండ్ బ్రేక్‌కు డిస్క్ లోపల విడిగా చిన్న డ్రమ్ ఉన్న కార్లలో ఈ పరీక్ష వెనుక డిస్క్ గురించి ఏమీ చెప్పదు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండిలో దీన్ని ప్రయత్నించనే కూడదు.

వెనుక డ్రమ్ బ్రేకులున్న కార్లలో డ్రమ్ గుండ్రదనం తప్పినా ఇలాగే ఉంటుంది. బాగా కాగిన డ్రమ్ మీద హ్యాండ్ బ్రేక్ బలంగా లాగి ఉంచితే, చల్లారేటప్పుడు అది కోలగా మారవచ్చు.

పెడల్ కింద దడదడ వచ్చిన ప్రతిసారీ కంగారు పడాల్సిన పని లేదు. తడి రోడ్డు మీదో, ఇసుక మీదో గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు ఏబీఎస్ (చక్రాలు తిరగకుండా పట్టేయడాన్ని ఆపే వ్యవస్థ) పనిచేస్తే పెడల్ వేగంగా కొట్టుకుంటుంది, గరగరమని చప్పుడూ వస్తుంది. అది దాని పని. కానీ పొడి రోడ్డు మీద, మెల్లగా ఆపుతున్నప్పుడు, బండి ఇక ఆగబోతుందనగా ఇలా జరిగితే చక్రాల వేగాన్ని కొలిచే సెన్సార్‌నో, దాని పక్కన తిరిగే రింగునో అనుమానించాలి. అక్కడ తుప్పు, మురికి చేరితే చక్రం జారుతోందని కంప్యూటర్ పొరబడుతుంది. ఈ లోపాన్ని డిస్క్ లోపంగా భ్రమపడి డిస్కులు మార్చేయడం మామూలే. అయితే రెండింటికీ తేడా పోల్చుకోవచ్చు. డిస్క్ కొట్టడం వేగంతో పాటు నెమ్మదిస్తుంది, ఏబీఎస్ కొట్టడం మాత్రం చక్రం వేగంతో సంబంధం లేకుండా గబగబా సాగుతుంది.

వారాల తరబడి కదలకుండా ఉన్న బండిలో ప్యాడ్ల కింద ఉన్న చోటు తప్ప మిగతా డిస్క్ అంతా తుప్పు పడుతుంది. మొదటి రోజు బ్రేక్ వేస్తే చుట్టుకోసారి తడబడుతుంది. తేలికపాటి తుప్పు అయితే కాసేపటి బ్రేకింగ్‌తోనే పోతుంది. వందల కిలోమీటర్ల తర్వాత కూడా మిగిలితే అది లోతుగా తిన్న గుర్తు.

కాలిపర్, బుష్‌లు

ఒక పక్క కాలిపర్ పట్టేస్తే ఆ డిస్క్ ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది. బ్రేక్ వేస్తే బండి ఓ పక్కకు లాగడం, ఆగాక ఒక చక్రం దగ్గర కమురు వాసన, ఆ రిమ్ మాత్రమే వేడిగా ఉండటం దీని లక్షణాలు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కుడి, ఎడమ డిస్కుల వేడి పోలిస్తే అనుమానం తీరుతుంది. చేత్తో ముట్టుకుని చూడొద్దు.

పట్టేసింది ఎక్కడో తేల్చడానికి మంచి పద్ధతి ఒకటుంది. జాకీ ఎత్తి, స్టాండ్ల మీద బండిని భద్రంగా నిలిపి, తిరగని చక్రం దగ్గర బ్లీడ్ నిప్పుల్‌ను (కాలిపర్ నుంచి ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కొద్దిగా వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం స్వేచ్ఛగా తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందన్నమాట. లోపలి గోడ ఉబ్బిన రబ్బరు హోస్‌నో, మాస్టర్ సిలిండర్‌నో చూడాలి. అప్పటికీ తిరగకపోతే పిస్టన్ గానీ, స్లైడ్ పిన్నులు గానీ బిగుసుకున్నట్టు. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటి ప్యాడ్ నిండుగా ఉంటే ఎక్కువసార్లు పిన్నులదే లోపం. వాటికి బ్రేకుల కోసం తయారైన సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బి పిన్నులు మళ్లీ బిగుసుకుంటాయి.

సస్పెన్షన్ విషయంలో ఒక అపోహ ఉంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు (అదురును మింగే రబ్బరు భాగాలు), బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు అరిగితే సాధారణంగా అవి వణుకును పుట్టించవు, ఉన్నదాన్ని పెంచుతాయి. బుష్‌లు గట్టిగా ఉన్న కారు మింగేసే చిన్న తేడాను బుష్‌లు చితికిన కారు నేరుగా స్టీరింగ్‌కు పంపుతుంది. అందుకే బుష్‌లు మార్చగానే వణుకు తగ్గడం, కొన్నాళ్లకు మళ్లీ పెరగడం చూస్తుంటాం. చక్రాన్ని ఎత్తి అడ్డంగా రెండు అంచులు పట్టుకుని కదిపితే టై రాడ్‌లోని వదులు, నిలువుగా పట్టుకుని కదిపితే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్‌లోని వదులు తెలుస్తాయి. బేరింగ్ వదులైతే డిస్క్ కూడా దానితో పాటే ఊగుతుంది కాబట్టి, అది మార్చకుండా డిస్క్ కొలతలు తీసినా అర్థం ఉండదు.

మోటార్‌సైకిళ్లలో ముందు బ్రేక్ పట్టగానే ఫోర్క్ దడదడలాడితే డిస్క్‌తో పాటు కోన్‌సెట్‌ను (హ్యాండిల్ మెడలోని బేరింగ్‌లు) కూడా చూడాలి. బండి నిలబెట్టి ముందు బ్రేక్ పట్టి ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు హ్యాండిల్ మెడ దగ్గర టక్కుమంటే అది వదులైనట్టే.

కొలిచి, శుభ్రం చేసి, బిగించాలి

డిస్క్ విప్పే ముందే కొలతలు తీయడం మంచిది. చక్రం తీసి, వాషర్లు వేసి, నట్లతో డిస్క్‌ను హబ్‌కు సమానంగా బిగించి, అంచు నుంచి 10 మిల్లీమీటర్ల లోపలికి డయల్ గేజ్ (సూక్ష్మమైన ఊగిసలాటను ముల్లుతో చూపే పరికరం) ఆనించి ఒక పూర్తి చుట్టు తిప్పితే రన్ఔట్ తెలుస్తుంది. తర్వాత మైక్రోమీటర్‌తో అంచుకు సమాన దూరంలో కనీసం 8 చోట్ల మందం కొలవాలి. అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ ఉన్న అంకెల తేడానే మందంలోని లోపం. డిస్క్ తీశాక అదే డయల్ గేజ్‌ను హబ్ ముఖానికి పెట్టి తిప్పాలి. ఊగుతున్నది డిస్కో హబ్బో అప్పుడు స్పష్టమవుతుంది.

హబ్ మీద తుప్పును వైర్ బ్రష్‌తో, ఎమెరీతో లోహం మెరిసేదాకా తీయాలి. స్టడ్‌ల (వీల్ నట్లు ఎక్కే బోల్టుల) మొదళ్ల చుట్టూ మిగిలే తుప్పే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. పైపైన తుడిచేవారు వదిలేసేదీ అక్కడే. పాత డిస్క్‌నే తిరిగి వేస్తుంటే దాని లోపలి ముఖానికీ ఇంతే శ్రద్ధ అవసరం. కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో కడగాలి. బిగించాక రన్ఔట్ ఇంకా హద్దు దాటి ఉంటే డిస్క్‌ను ఒక్కో స్టడ్ చొప్పున తిప్పి కూర్చోబెట్టి మళ్లీ కొలవాలి. హబ్‌లో ఒరుగు, డిస్క్‌లో ఒరుగు ఒకదానికొకటి ఎదురైన చోట కొలత హద్దులోకి వస్తుంది. రాకపోతే హబ్ మార్చాలి.

స్కిమ్మింగ్ చేయించాలా, కొత్తది వేయాలా అన్నది డిస్క్ మీద ముద్రించిన కనిష్ఠ మందం తేలుస్తుంది. కోత తర్వాత దానికంటే పలచబడేట్టయితే కొత్తదే వేయాలి. మందం చాలినంత ఉంటే డిస్క్‌ను బండి మీదే ఉంచి కోసే లేత్ మెరుగైనది, ఎందుకంటే హబ్ ఒరుగును కూడా కలుపుకుని డిస్క్ సమం అవుతుంది. అలా కోసిన డిస్క్‌ను తర్వాత ఎప్పుడు విప్పినా అదే స్థానంలో బిగించాలి కాబట్టి గుర్తు పెట్టుకోవాలి. ఏ పని చేసినా ఒకే యాక్సిల్ మీద రెండు వైపులా చేయాలి, ప్యాడ్లు కూడా కొత్తవి వేయాలి.

కొత్త ప్యాడ్లు డిస్క్‌కు అలవాటు పడేదాకా కొంత ఓపిక కావాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు 60 నుంచి 15 కిలోమీటర్ల దాకా మధ్యస్థంగా బ్రేక్ వేస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పదిసార్లు తగ్గించాలి. ఆపైన పది నిమిషాలు బ్రేక్ వాడకుండా నడపాలి. ప్యాడ్ తయారీదారు వేరే పద్ధతి చెప్పి ఉంటే దాన్నే పాటించాలి. ఇలా చేస్తే ప్యాడ్ పదార్థం డిస్క్ అంతటా సమానంగా పరుచుకుంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్ల బిగింపును టార్క్ రెంచ్‌తో మరోసారి చూసుకోవాలి.

పని పూర్తయ్యాక బిల్లు మీదే నాలుగు చక్రాల రన్ఔట్, డిస్క్ మందం అంకెలు రాయించుకోవడం మంచి అలవాటు. వణుకు మళ్లీ వస్తే అవే కొలతలు తిరిగి తీయించాలి. రన్ఔట్ పెరిగితే లోపం హబ్, బేరింగ్, నట్ల దగ్గర ఉంది. రన్ఔట్ హద్దులోనే ఉండి మందంలో మాత్రమే తేడా వస్తే కాలిపర్, ప్యాడ్లు, వేడి వైపు వెతకాలి.